జారే కొండ, ఊగే నేల, మధ్యలో నీళ్ల ట్యాంకు

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద ఊరు పోర్ట్‌లాండ్. విల్లమెట్ నది దాన్ని తూర్పు, పడమర భాగాలుగా చీలుస్తూ ఉత్తరానికి పారుతుంది. పడమటి గట్టున కొండల వరుస. ఆ కొండల్లో వాషింగ్టన్ పార్కు, పార్కులో పేరుమోసిన గులాబీ తోట, తోటకు దిగువన 1894లో కట్టిన రెండు మంచినీటి రిజర్వాయర్లు. పైకప్పు లేకుండా, కాంక్రీటు పరిచిన లోయలో నిండుగా నీళ్లు, చుట్టూ ఇనుప కంచె, రాతి కట్టడాల్లా కనిపించే గేటు గదులు. పెళ్లి ఫొటోలు దిగడానికి జనం వచ్చేవారంటే ఆశ్చర్యం లేదు. నూట ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాక ఆ రెంటినీ తాగునీటి సరఫరా నుంచి తప్పించారు. ఎగువ రిజర్వాయరు ఉన్న చోటనే నేల లోపల మూతవేసిన కాంక్రీటు ట్యాంకు కట్టారు. పని 2016లో మొదలైంది. కొత్త ట్యాంకులో 1.24 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 4.7 కోట్ల లీటర్లు పడతాయి. ఖర్చు 20 కోట్ల డాలర్ల దాకా వచ్చింది.

ఎందుకు కట్టారని అడిగితే 'భూకంపం వస్తే తట్టుకోవడానికి' అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అది అబద్ధం కాదు గానీ ఆ ఒక్క ముక్కలో మూడు వేర్వేరు గొడవలు ముడిపడి ఉన్నాయి. ఒకటి నీటి శుభ్రతకు సంబంధించిన కేంద్ర ప్రభుత్వ నిబంధన. రెండోది ఆ రిజర్వాయర్ల మీదకు నూరేళ్లుగా జరుగుతూ వస్తున్న కొండ. మూడోది ఇంకా రాని భూకంపం. ఈ మూడింటినీ విడదీసి చూస్తే తప్ప అంత ఖర్చు ఎందుకయిందో, పాతవాటి కన్నా కొత్తది చిన్నది ఎందుకో, నీళ్ల ట్యాంకు మీద మళ్లీ నీళ్ల కొలను ఎందుకు పెట్టారో అర్థం కాదు. నన్నడిగితే, పని మొదలుపెట్టించింది నిబంధన, దాని ఆకారాన్ని తేల్చింది భూకంపం. ఎప్పుడో వస్తుందనే భూకంపాన్ని నమ్ముకుని ఏ నగరమూ అంత డబ్బు తనంత తానుగా బయటికి తీయదు. గడువు తేదీ ఉన్న నిబంధన ఉంటేనే తీస్తుంది.

ముందు ఒక సంగతి. ఇక్కడ రిజర్వాయరు అంటే ఉస్మాన్‌సాగర్ లాంటి చెరువు కాదు. నీరు అప్పటికే క్లోరిన్ కలిసి, తాగడానికి సిద్ధమై, కుళాయికి వెళ్లే దారిలో ఆగే చివరి మజిలీ ఇది. పోర్ట్‌లాండ్ నీళ్లు ఊరికి తూర్పున పాతిక మైళ్ల దూరంలో ఉన్న బుల్ రన్ అడవి నుంచి వస్తాయి. 1895 జనవరి 2న మొదటిసారి ఊళ్లోకి వచ్చాయి. చాలావరకు మోటార్లతో పని లేకుండా, ఎత్తు నుంచి పల్లానికి వాటంతట అవే దిగివస్తాయి. తెల్లవారి అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పినప్పుడు, ఎక్కడో ఇల్లు అంటుకుని ఫైరింజన్ హైడ్రెంట్‌కు (మంటలార్పడానికి వీధి పక్కన పెట్టే నీటి కుళాయికి) గొట్టం తగిలించినప్పుడు, అడవి నుంచి వచ్చే ప్రవాహం ఒక్కటే సరిపోదు. ఊరికి దగ్గరలో, తగిన ఎత్తులో, నిలవ ఉండాలి. మన వార్డులో ఓవర్‌హెడ్ ట్యాంకు చేసే పనే ఇది, కాకపోతే కొండ మీద. వాషింగ్టన్ పార్కు ట్యాంకు మీద ఊరి పడమటి వైపు 3,60,000 మంది, ఐదు ఆసుపత్రులు ఆధారపడి ఉన్నాయని నగర నీటి విభాగం లెక్క.

ముందుగా నిబంధన

1993లో మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి తాగునీటిలో కలిసి సుమారు నాలుగు లక్షల మందికి విరేచనాలు పట్టుకున్నాయి. క్లోరిన్‌కు అది తేలిగ్గా చావదు. ఆ దెబ్బ తర్వాత అమెరికా పర్యావరణ సంస్థ నిబంధనలు బిగిస్తూ వచ్చింది. 2006లో వచ్చిన నిబంధన ప్రకారం, శుద్ధి అయిన నీటిని ఆకాశం కింద తెరిచి ఉంచకూడదు. ఉంచితే మూత వేయాలి, లేదా బయటికి వచ్చే నీటిని మళ్లీ శుద్ధి చేయాలి. పక్షి రెట్టలు, ఆకులు, చచ్చిన జంతువులు, మనుషులు వేసే చెత్త, వీటన్నిటికీ తెరిచిన రిజర్వాయరు ఆహ్వానం పలుకుతుంది.

పోర్ట్‌లాండ్ ఊరుకోలేదు. కోర్టుకు వెళ్లింది, ఓడింది. తూర్పున మౌంట్ టేబర్ అనే చిన్న కొండ మీద ఉన్న తెరిచిన రిజర్వాయర్ల కోసం పౌరులు ఉద్యమాలు చేశారు. మౌంట్ టేబర్‌వీ, వాషింగ్టన్ పార్కువీ 2004లో జాతీయ చారిత్రక కట్టడాల జాబితాకెక్కాయి కూడా. నూరేళ్లుగా ఎవరికీ ఏమీ కాలేదు కదా, ఈ నిబంధన మనకెందుకన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో పస లేకపోలేదు. కానీ ఈ మధ్యలో జరిగిన రెండు ఉదంతాలు నగరాన్నే నవ్వులపాలు చేశాయి. 2011లో ఒక కుర్రాడు అర్ధరాత్రి మౌంట్ టేబర్ రిజర్వాయర్లో మూత్రం పోశాడని 78 లక్షల గ్యాలన్లు పారబోశారు. 2014లో మళ్లీ అదే జరిగి 3.8 కోట్ల గ్యాలన్లు వదిలేస్తామని ప్రకటించారు. కోట్ల గ్యాలన్లలో ఆ కాసింత ఏ పరీక్షకూ అందనంత తక్కువ. అధికారులకూ ఆ సంగతి తెలుసు. తెలిసీ, జనానికి ఆ నీళ్లు తాగండని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తెరిచి ఉంచితే శాస్త్రం కంటే అసహ్యం బలంగా పనిచేస్తుంది.

2015 చివరికి మౌంట్ టేబర్ రిజర్వాయర్లను సరఫరా నుంచి విడగొట్టారు. వాటి బదులు తూర్పున పావెల్ బట్ అనే గుట్ట మీద 5 కోట్ల గ్యాలన్ల భూగర్భ ట్యాంకు, కెల్లీ బట్ మీద 2.5 కోట్ల గ్యాలన్లది కట్టారు. టేబర్‌లో ఇప్పటికీ నీళ్లుంటాయి, తాగడానికి కాక చూడటానికి.

నిబంధన కోరింది మూత ఒక్కటే. పాత రిజర్వాయర్ల మీద రేకులో, తేలే ప్లాస్టిక్ పరదాయో వేసి సరిపెట్టుకోవచ్చు. చాలా ఊళ్లు అలాగే చేశాయి. వాషింగ్టన్ పార్కులో అది కుదరకపోవడానికి కారణం కొండ.

కొండ కదులుతోంది

1894లో రిజర్వాయర్లు కట్టి నీళ్లు నింపుతుండగానే కాంక్రీటు పగుళ్లిచ్చింది. పడమటి వాలు మొత్తం నెమ్మదిగా కిందికి జారుతూ రిజర్వాయర్ల పక్కగోడలను నొక్కుతోందని తేలింది. ఎప్పుడో పురాతన కాలంలో జారి ఆగిన కొండచరియ అది. దాని పాదాన్ని రిజర్వాయర్ల కోసం తవ్వేసరికి మళ్లీ కదిలింది. కొండచరియకు పాదం దగ్గరున్న మట్టే ఆనకట్ట. అక్కడ బరువు తీసేస్తే పైనున్నది దిగుతుంది. అప్పటి ఇంజినీర్లు వాలులోకి బావులు దింపి, జారే పొర ఎంత లోతులో ఉందో కనిపెట్టి, దాని కింద నీళ్లు ఓడ్చే సొరంగాలు తవ్వారు. మట్టిలో నీరు తగ్గేకొద్దీ జారుడూ తగ్గింది. క్లార్క్ అనే నగర ఇంజినీరు 1904లో అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం పత్రికలో ఈ కథంతా రాశాడు. ఇప్పటికీ పాఠంగా పనికొచ్చే రచన. జారుడు తగ్గింది గానీ ఆగలేదు. ఏడాదికి అంగుళంలో చిన్న భాగం చొప్పున నూరేళ్ల పైబడి నొక్కుతూనే ఉంది. పగిలిన కాంక్రీటుకు అతుకులు వేస్తూ వచ్చారు.

ఇక్కడ ఒక విషవలయం ఉంది. గోడ నొక్కుకుని పగులుతుంది, పగులులోంచి నీరు మట్టిలోకి ఇంకుతుంది, తడిసిన మట్టి ఇంకా జారుతుంది. ఇంత నెమ్మది కదలిక ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లకు లాస్ ఏంజెలెస్‌లో బాల్డ్‌విన్ హిల్స్ రిజర్వాయరు గుర్తు చేయాలి. దాని అడుగున నేల ఏళ్ల తరబడి మెల్లగా కదిలి లోపలి పరుపు పగిలింది. ఆ పగులులోంచి నీరు దూరి పునాదిని తొలిచింది. 1963 డిసెంబరు 14న లీకు కనిపెట్టిన కొన్ని గంటల్లోనే కట్ట తెగింది. ఐదుగురు చనిపోయారు, వందల ఇళ్లు దెబ్బతిన్నాయి. ఆ రోజు భూకంపం ఏమీ రాలేదు.

మరి జారుతుందని తెలిసిన చోటనే కొత్తది ఎందుకు కట్టడం? వేరే కొండ దొరకలేదా? ఇది న్యాయమైన ప్రశ్న. జవాబు ఎత్తులో ఉంది. ట్యాంకులో నీటిమట్టం కుళాయి కంటే ప్రతి పది మీటర్లు ఎత్తున ఉంటే గొట్టంలో సుమారు ఒక కేజీ ప్రెజర్ వస్తుంది. ట్యాంకు మరీ పైనుంటే దిగువ ఇళ్లలో గొట్టాలు చిట్లుతాయి, మరీ కిందుంటే మేడ మీదికి నీళ్లెక్కవు. నూరేళ్లుగా ఊరి పడమటి సగంలో మెయిన్ గొట్టాలన్నీ ఈ ఎత్తును నమ్ముకుని వేసినవే, ఇక్కడికే చేరేవే. ట్యాంకును జరిపితే దానితోపాటు ఊరి కింద ఉన్న గొట్టాలనూ జరపాలి. అందుకని కొండతో రాజీ పడ్డారు.

రాజీ అంటే ఇదీ. కొత్త ట్యాంకును కొండ వైపు గట్టిగా ఆనించకుండా, కొండకూ ట్యాంకుకూ మధ్య నలిగే పొర ఒకటి ఉంచారు. ఇలాంటి చోట్ల ఇంజినీర్లు వాడేది మనం థర్మోకోల్ అనే పదార్థపు జాతి, కాకపోతే బాగా గట్టి దిమ్మెలు. కొండ ఏటా జరిగే కాస్త కదలికనూ, భూకంపంలో ఒక్కసారిగా జరిగే దాన్నీ ఆ పొర నలుగుతూ తనలోకి తీసుకుంటుంది. గోడ మీదకు అంత తోపు రాదు. కొండను ఆపే ప్రయత్నం మానేసి దానికి జరగడానికి చోటిచ్చారన్నమాట. ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచిన ఆలోచన ఇదే. దిగువ రిజర్వాయరును తాగునీటి పని నుంచి పూర్తిగా తప్పించి, ఆ గుంటను మొక్కలు పెరిగే తడి నేలగా మార్చారు. ట్యాంకు పూర్తయ్యాక చుట్టూ నింపిన మట్టి సర్దుకోవడానికి రెండేళ్లు వదిలేసి, ఆ తర్వాతే పైన కొలను, నడక దారుల పని పట్టారు. కంచె అవతల ఏ పనీ కనిపించని ఆ రెండేళ్లలో ఊళ్లో ఎంతమంది తిట్టుకున్నారో గానీ, అది వృథా పోయిన కాలం కాదు.

1894 వాళ్లకు తెలియనిది

పాత రిజర్వాయర్లు కట్టినవాళ్లు భూకంపాన్ని లెక్కలోకి తీసుకోలేదంటే వాళ్ల తప్పు కాదు. 1980ల దాకా ఒరెగాన్‌లో పెద్ద భూకంపాలు రావనే శాస్త్రజ్ఞులు కూడా అనుకునేవారు. తీరానికి అవతల సముద్రం అడుగున ఒక భూఫలకం (భూమి పైపొరలోని పెద్ద పలక) ఖండం కిందికి దూరుతోందని, ఆ చీలిక కెనడాలోని వాంకూవర్ ద్వీపం నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా సుమారు వెయ్యి కిలోమీటర్లు ఉందని తెలిసినా, అది నిశ్శబ్దంగా జారిపోతుందేమో అనుకున్నారు. తర్వాత తీరప్రాంతపు చిత్తడి నేలల్లో, ఉప్పునీళ్లలో మునిగి నిలువునా చచ్చిన దేవదారు అడవులు దొరికాయి. నేల ఒక్కసారిగా ఒకటి రెండు మీటర్లు కుంగితేనే అలా జరుగుతుంది. చెట్ల వలయాలు లెక్కపెడితే అవి 1699 వేసవి తర్వాత, 1700 వసంతానికి ముందు చచ్చాయని తేలింది.

మిగిలిన ఆధారం పసిఫిక్ అవతలి గట్టున దొరికింది. 1700 జనవరి చివర్లో జపాన్ తీరంలో, భూమి ఏమాత్రం కదలకుండానే సునామీ వచ్చి ఇళ్లు, పొలాలు ముంచిందని అక్కడి ఊళ్ల రికార్డుల్లో ఉంది. అలలు అంత దూరం ప్రయాణించడానికి పట్టే కాలాన్ని వెనక్కి లెక్కవేసి జపాన్ పరిశోధకులు తేదీతో సహా చెప్పారు: 1700 జనవరి 26, అమెరికా తీరంలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో, తీవ్రత 9కి దగ్గర. కాస్కేడియా భూకంపం అని ఇప్పుడు అందరూ పిలిచేది దీన్నే. ఇలాంటిది సగటున కొన్ని వందల ఏళ్లకొకసారి వస్తుంది. వచ్చే యాభై ఏళ్లలో రావడానికి పదింట ఒక పాలు, కొంచెం అటూ ఇటూగా, అవకాశం ఉందని అంచనా.

తీవ్రత అంకె కన్నా ఇక్కడ ముఖ్యమైంది ఊగే సమయం. 1994లో లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపంలో గట్టి ఊపు పది ఇరవై సెకన్లలో అయిపోయింది. కాస్కేడియా మొత్తం తెగితే నేల మూడు నుంచి ఐదు నిమిషాలు ఊగుతుంది. మొదటి అరనిమిషంలో వెంట్రుకవాసి పగిలిన గోడను మిగతా నాలుగు నిమిషాలు వదిలిపెట్టవు. నది పక్కన తడి ఇసుక నేలలు ఇంత సేపు ఊగితే బురదగా మారి, పట్టు వదిలేస్తాయి.

ట్యాంకులోని నీరు ఏం చేస్తుంది

ఇల్లు ఊగడం వేరు, నీళ్ల ట్యాంకు ఊగడం వేరు. నిండు బిందె నెత్తిన పెట్టుకుని నడిచినవాళ్లకు ఇది తెలుసు: అడుగున నీళ్లు బిందెతో పాటు కదులుతాయి, పైనున్నవి తమ లయలో తాము అటూ ఇటూ కొట్టుకుంటాయి. కాలిఫోర్నియా ప్రొఫెసర్ జార్జ్ హౌస్నర్ గత శతాబ్దం మధ్యలో ఈ రెంటినీ విడదీసి లెక్కకట్టే పద్ధతి ఇచ్చాడు. ప్రపంచమంతా ట్యాంకుల లెక్కలు నేటికీ ఆ పునాది మీదే నడుస్తున్నాయి. గోడతో కలిసి కదిలే నీటిది పెద్ద బరువు. అది గోడను వేగంగా, మళ్లీ మళ్లీ తోస్తుంది. పై నీటిది నిదానపు ఊపు. అరవై మీటర్ల పొడవు, పది మీటర్ల లోతు నీరు ఉన్న ట్యాంకులో ఒక ఊపు పూర్తి కావడానికి పన్నెండు పదమూడు సెకన్లు పడుతుంది. కొద్ది సెకన్ల భూకంపంలో ఆ అల పుంజుకునేలోపే అంతా అయిపోతుంది. ఐదు నిమిషాల భూకంపంలో నిదానపు కదలికలు ఎక్కువ. అల ప్రతి ఊపుకూ పెరుగుతూ వెళ్లే అవకాశం ఉంటుంది.

మూతలేని పాత రిజర్వాయర్లో ఆ అల గట్టు దాటి పోతే పోయింది. మూత వేశాక అది కప్పును కింది నుంచి గుద్దుతుంది. అందుకని నీటికీ కప్పుకూ మధ్య ఖాళీ వదలాలి. ఖాళీ వదిలితే పట్టే నీరు తగ్గుతుంది. కప్పు మీద మట్టి, మొక్కలు, కొలను పెడితే పైన బరువు పెరుగుతుంది. పైన బరువున్నదేదైనా భూకంపంలో ఎక్కువ తోపు తింటుంది కాబట్టి స్తంభాలు, గోడలు లావెక్కుతాయి. ఇంకో చిక్కు: శుభ్రం చేయడానికి ట్యాంకు ఖాళీ చేసిన రోజున చుట్టూ భూగర్భ జలం ఎక్కువుంటే, పాతిపెట్టిన ఖాళీ ట్యాంకు పైకి తేలాలని చూస్తుంది. అడుగున నీళ్లు ఓడ్చే గొట్టాలు వేయకపోతే ట్యాంకు అడుగు పగులుతుంది. మరి ఆ కొలను ఎందుకంటారా? ఊరి జనం చూడటానికి అలవాటు పడ్డ నీళ్లు పోకూడదని, చారిత్రక జాబితాలో ఉన్న చోటు రూపం చెడకూడదని. కొత్త ట్యాంకు పాత రెంటి మొత్తంకన్నా బాగా చిన్నది కావడానికి నీటి వాడకం తగ్గడం ఒక కారణమైతే, ఈ కొండ మీద ఇంతకన్నా పెద్దది సురక్షితంగా పట్టకపోవడం మరొకటి.

'భూకంప ప్రమాణం' అన్న మాట దగ్గర చాలామంది పొరబడతారు. అదేదో పగలదని ఇచ్చే హామీ అనుకుంటారు. మామూలు ఇంటికి ప్రమాణం కోరేది మనుషుల మీద కూలకుండా ఉండటం వరకే. ఇల్లు తర్వాత పడగొట్టాల్సి వచ్చినా ప్రమాణం నెగ్గినట్టే. ఆసుపత్రులు, అగ్నిమాపక కేంద్రాలు, తాగునీటి ట్యాంకులు వేరే వరుస. అవి ఊగిన మర్నాడు పనిచేయాలి. అందుకే అమెరికా ప్రమాణంలో వాటికి లెక్కగట్టే బలాన్ని ఒకటిన్నర రెట్లు పెంచుతారు. యాభై ఏళ్లలో దాటే అవకాశం రెండు శాతం మాత్రమే ఉన్న ఊపును, అంటే దాదాపు 2,500 ఏళ్లకొకసారి వచ్చేదాన్ని, ఆధారంగా తీసుకుని అక్కడి నుంచి లెక్క మొదలుపెడతారు. ట్యాంకు గోడకు గీత పడవచ్చు, ఆ గీతలోంచి నీరు పోకూడదు. ఖర్చులో పెద్ద భాగం ఈ తేడా తెచ్చిపెట్టిందే.

ఇంత చేస్తే ఫలితం ఉంటుందా అనేదానికి లాస్ ఏంజెలెస్‌లోనే జవాబుంది. 1971 ఫిబ్రవరి 9న శాన్ ఫెర్నాండో భూకంపంలో అక్కడి లోయర్ వాన్ నార్మన్ అనే పాత మట్టికట్ట లోపలి వైపుకు జారి కూలింది. నీరు దాటిపోకుండా ఆపింది మిగిలిన నాలుగైదు అడుగుల పగిలిన మట్టే. దిగువన 80,000 మందిని ఖాళీ చేయించారు. ఆ కట్టను బాగుచేయకుండా, దగ్గరలోనే కొత్త ప్రమాణాలతో లాస్ ఏంజెలెస్ రిజర్వాయరు కట్టారు. 1994లో నార్త్‌రిడ్జ్ భూకంపం సరిగ్గా ఆ ప్రాంతాన్నే కొట్టింది. కొత్త కట్ట చిన్న చిన్న పగుళ్లతో నిలబడింది.

నిలబడిన ట్యాంకులో నీళ్లు ఉంటాయా

ఇది అందరూ మరిచే ప్రశ్న. ట్యాంకు చెక్కుచెదరలేదనుకుందాం. దిగువ ఊళ్లో వందల చోట్ల గొట్టాలు తెగాయి. ట్యాంకు ఏం చేస్తుంది? తన నీళ్లన్నీ ఆ తెగిన గొట్టాల్లోంచి వీధుల్లోకి కొన్ని గంటల్లో పోసేస్తుంది. గట్టి ట్యాంకు, ఖాళీ ట్యాంకు. దీనికి మందు, ఊపు తగలగానే తనంతట తాను మూసుకునే వాల్వు. అయితే భూకంపం తర్వాత మొదట లేచేవి మంటలు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కోను నేల ఊపు కన్నా, మెయిన్లు తెగి నీళ్లు దొరక్క మూడు రోజులు ఆరని మంటలే ఎక్కువ నాశనం చేశాయి. వాల్వు మూసేస్తే తాగునీరు దక్కుతుంది, హైడ్రెంట్లు ఎండుతాయి. తెరిచి ఉంచితే మంటలకు కొంతసేపు నీరుంటుంది, తర్వాత ఎవరికీ ఉండదు.

జపాన్‌లోని కోబె నగరం దీనికో దారి చూపింది. రెండు ట్యాంకులు పక్కపక్కనే ఉన్న చోట ఒకదానికి మాత్రం వాల్వు పెట్టి, రెండోదాన్ని మంటల కోసం వదిలేయడం. 1995 జనవరి 17న అక్కడ భూకంపం వచ్చినప్పుడు వాల్వులున్న చాలా ట్యాంకుల్లో నీరు నిలిచింది, ట్యాంకర్లతో జనానికి పంచగలిగారు. అదే ఊళ్లో హైడ్రెంట్లలో నీళ్లు రాక వీధులకు వీధులు కాలాయి. ఊరంతటికీ కుళాయి నీళ్లు తిరిగి రావడానికి రెండు నెలలకు పైగా పట్టింది. వాల్వు మూయాలా వద్దా అన్న నిర్ణయం ఊపు వచ్చాక ఏ మనిషీ ఆలోచించి తీసుకునే వ్యవధి లేనిది. పదేళ్ల ముందే, బల్ల దగ్గర కూర్చుని, ఏ ట్యాంకు మంటలకు, ఏది దాహానికి అని రాసిపెట్టుకోవాలి.

గొట్టాల సంగతీ అంతే. పోర్ట్‌లాండ్ కింద రెండు వేల మైళ్లకు పైగా మెయిన్లున్నాయి, ఎక్కువ భాగం పాత పోత ఇనుము. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. జపాన్‌లో కనిపెట్టిన కొత్త రకం ఇనుప గొట్టాల జాయింట్లు కొంత సాగుతాయి, కొంత ముడుచుకుంటాయి, ఒక హద్దు దాటాక కొక్కెంలా పట్టుకుని ఊడిపోవు. పోర్ట్‌లాండ్ వాటిని కొన్ని చోట్ల వేసి చూసింది. అన్నిటికన్నా పెద్ద బలహీనత నది. బుల్ రన్ నీళ్లు తూర్పు నుంచి వస్తాయి, వాషింగ్టన్ పార్కు పడమరన ఉంది. నది దాటే పాత గొట్టాలు వంతెనల మీదా, మెత్తని గట్టు మట్టిలోనూ ఉన్నాయి, సరిగ్గా బురదగా మారే నేలలో. ఆ మట్టికి బాగా అడుగున, నది కింద లోతుగా, కొత్త గొట్టం వేయాలన్నది నగరం ప్రణాళిక. అది పూర్తయ్యేదాకా, ఊగిన రోజు పడమటి సగం తన ట్యాంకులో ఉన్న నీటితోనే గడుపుకోవాలి.

ఈ ఖర్చంతా ప్రజల నీటి బిల్లుల్లోంచి వచ్చే డబ్బే. నగరం బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది, తర్వాత దశాబ్దాల పాటు బిల్లుల్లో వసూలు చేస్తుంది. మొదట్లో చెప్పిన అంచనా తర్వాత కొన్ని రెట్లైంది. అడుగున ఏముందో తవ్వితే గానీ తెలియని కొండ మీద మొదటి అంచనాను నమ్మినవాళ్లదే పొరపాటని నేనంటాను.

పోర్ట్‌లాండ్‌కు పడమరన బీవర్టన్, హిల్స్‌బరో ఊళ్లలో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి, చాలామంది చిప్ ఫ్యాక్టరీల ఉద్యోగులు. ఆ వైపు ఊళ్లు విల్లమెట్ నది ఎగువ నుంచి నీళ్లు తెచ్చే కొత్త సరఫరా వ్యవస్థను 2026 గడువుగా పెట్టుకుని కట్టుకున్నాయి. ముప్పై మైళ్లకు పైగా గొట్టం, కూపర్ మౌంటెన్ మీద పెద్ద ట్యాంకులు, అన్నీ కాస్కేడియా భూకంపాన్ని లెక్కలో పెట్టుకుని.

మన దగ్గరి సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అంత భూకంపం రాదు. 2002 నాటి భూకంప పటంలో హైదరాబాదు జోన్ 2, విజయవాడ జోన్ 3 (అంకె పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ). అయినా ఒంగోలు 1967లో, భద్రాచలం 1969లో, ములుగు 2024 డిసెంబరు 4న ఊగాయి. అన్నీ తీవ్రత 5 పైచిలుకే. మనం చూసుకోవలసింది ఓవర్‌హెడ్ ట్యాంకులను. బరువంతా పైన, కింద సన్నటి కాళ్లు. 2001 భుజ్ భూకంపంలో గుజరాత్‌లో ఇలాంటివి చాలా దెబ్బతిన్నాయి. అప్పటికి అమల్లో ఉన్న 1984 భారత ప్రమాణంలో ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఉన్న నిబంధనలే అరకొర, నేల మీద కట్టే ట్యాంకులకైతే అసలు లేవు. ట్యాంకుల కోసమే ప్రత్యేక భాగం 2014లో వచ్చింది. అంటే మన ఊళ్లలో అంతకుముందు కట్టిన ప్రతి ట్యాంకూ, నీటి ఊపును ఇప్పటి పద్ధతిలో లెక్కగట్టమని చెప్పే ప్రమాణం లేని రోజుల్లోనే కాగితం మీదికి ఎక్కింది. పాత ట్యాంకు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు పంచాయతీ సభ్యులు కాంట్రాక్టరును అడగదగిన ప్రశ్న: డిజైన్ ఏ ఏడాది ప్రమాణం ప్రకారం చేశారు, కాళ్లను కలిపే అడ్డదూలాల దగ్గర కడ్డీల రింగులు ఎంత దూరానికొకటి వేస్తున్నారు?

ఒరెగాన్‌లో ఉన్నవాళ్లకు ఆ రాష్ట్రం 2013లో తయారుచేసిన నివేదిక దాపరికం లేకుండా చెప్పింది: పెద్ద భూకంపం వస్తే విల్లమెట్ లోయలో తాగునీరు, మురుగు వ్యవస్థలు తిరిగి నడవడానికి నెల నుంచి ఏడాది పడుతుంది. కొత్త ట్యాంకు కట్టినా రాష్ట్రం ప్రతి ఇంటినీ రెండు వారాల నీళ్లు దాచుకోమంటోంది. మనిషికి రోజుకు గ్యాలన్ చొప్పున 14 గ్యాలన్లు, అంటే 53 లీటర్లు. ఇంట్లో నిలువు గీజర్ ట్యాంకు ఉంటే అందులో మామూలుగా 40, 50 గ్యాలన్లు ఉంటాయి. దాన్ని గోడకు ఇనుప పట్టీలతో బిగించి ఉంటేనే అవి దక్కుతాయి. ఊపు ఆగాక మొదట వీధి నుంచి వచ్చే మెయిన్ వాల్వు మూసేయాలి, లేదంటే బయట తెగిన గొట్టంలోకి మీ నీళ్లు వెనక్కి పోతాయి, లేదా అక్కడి మురుగు మీ ఇంట్లోకి వస్తుంది. తర్వాత గ్యాసు గానీ కరెంటు గానీ ఆపేసి, నీళ్లు చల్లారాక, గీజర్ అడుగున ఉన్న చిన్న కుళాయి నుంచి పట్టుకోవాలి.